ఇనుము నూనె తాగాలి

ఎలుగుబంటిని క్యారేజీ మీద కూచోబెట్టుకుని, బ్రేకుల్లేని సైకిల్ మీద అనంతగిరి ఘాటీ దిగి శృంగవరపుకోట చేరినవాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే. నేను ఎక్కమనలేదు, అదే ఎక్కింది. మలుపు వచ్చినప్పుడల్లా నా భుజం గట్టిగా పట్టుకునేది. కోట పొలిమేరలో దిగి, మంచి చేశావన్నట్టు వీపు మీద ఒక్కటి చరిచి, జీడితోటల్లోకి వెళ్ళిపోయింది. ఈ కథని నా సైకిల్ షాపు ముందు బల్ల మీద కూచున్న ప్రతివాడికీ నలభై ఏళ్ళుగా చెబుతూ వచ్చాను. నమ్మినవాడు లేడు. మధ్యలో లేచిపోయినవాడూ లేడు.

మా కోడలు హేమ కాపురానికి వచ్చిన కొత్తలోనే ఈ కథ నడుం విరగ్గొట్టింది. అన్నం వడ్డిస్తూ, "ఎలుగుబంటి ఎంత బరువుంటాది మావయ్యా?" అని అడిగింది. నూట పదమూడు కిలోలన్నాను. చారు పోస్తూ నవ్వింది.

"కాటా ఎక్కడేసినావు?"

కొన్నాళ్ళు నన్ను గమనించి తీర్పు చెప్పింది. నిజం చెప్పేటప్పుడు నాకు లెక్కలు గుర్తుండవట. ఓ నాలుగైదు అంటానట, పదో పరకో అంటానట. అబద్ధమైతే మాత్రం గుండుసూదులతో సహా లెక్క అప్పజెబుతానట. ఆ గుట్టు మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది. నేను షాపు ముందు ఏ కథ ఎత్తినా లోపలి నుంచి "లెక్క సెప్పు మావయ్యా" అని వినిపించేది. కొడుకు కన్నా కోడలే నయమని ఊళ్ళో చెప్పుకునేవాణ్ణి. ఆ మాట మాత్రం అబద్ధం కాదు.

నా పేరు గంగులు. మా ఊరి బళ్ళో అయిదో తరగతి దాకా చదివాను. ఆరోది లేకపోవడం బడి తప్పు గాని నాది కాదు. కోటకు పోయే రోడ్డు పక్కన మా ఇల్లు, ఇంటి ముందు గదిలో నా షాపు. ఇప్పుడందరికీ మోటారు బళ్ళొచ్చాయి. రెండు పంచర్లు తగిలిన రోజు నాకు పండగ. నా కొడుకు ధనరాజుకి కోటలో ఎరువుల కొట్టుంది. హేమ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. వంట ముగించి మెషీను ముందు కూచుందంటే పొద్దుగూకే దాకా ఆ పాదం ఆగదు. గోడకు ఇటు నా సుత్తి చప్పుడు, అటు ఆమె మెషీను చప్పుడు. మా ఇంట్లో మాటల కన్నా అవే ఎక్కువ.

ఆదివారాలు విశాఖపట్నం నుంచి కొందరు లావు టైర్ల సైకిళ్ళు వేసుకుని అరకు వైపు పోతూ ఉంటారు. నెత్తిన టోపీలు, చేతులకు తొడుగులు. గాలి కోసం నా దగ్గర ఆగుతారు. ఒకసారి వాళ్ళలో ఒకావిడ వచ్చింది, యాభై దాటిన మనిషి, జుట్టు సగం నెరిసింది. హేమ మంచినీళ్ళు తెచ్చిచ్చి, ఆ సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగింది. అది మెట్టలు ఎక్కుతుందనీ, రాళ్ళ మీద, పొలం గట్ల మీద కూడా పోతుందనీ ఆవిడ చెప్పింది. వాళ్ళు వెళ్ళాక కూడా హేమ ఆ చెంబు పట్టుకుని రోడ్డు మీదే నిలబడింది.

సాయంత్రం షాపు గుమ్మంలోకి వచ్చి కూచుంది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న సైకిల్ బార్ కింద నుంచి కాలు దూర్చి తొక్కి ఊరంతా తిరిగేదట. పెద్దమనిషి అయ్యాక ఆపించేశారట. అదంతా చెప్పి, చివరికి అసలు మాట అంది.

"పదేళ్ళ నుంచి తొక్కుతన్నాను మావయ్యా. గజం దూరం ఎల్లనేదు."

మెషీను సంగతి అంటోందని అర్థం కావడానికి నాకు కాస్త పట్టింది. అర్థమయ్యాక వేళాకోళం ఆడబుద్ధి కాలేదు, నాకది అరుదు.

కోటలో బ్యాంకులో పనిచేసే యుగంధర్ అనే కుర్రాడికి బదిలీ అయింది. తన గేరు సైకిల్ అమ్మేస్తాడని ధనరాజు కొట్టుకు వచ్చిన ఎవరో చెప్పారు. హేమ కుట్టుపని డబ్బు తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. మంచి చెడ్డ చూడ్డానికి నేను. ఎర్ర రంగు సైకిల్, ముందు షాకులు, గేర్లు ఇరవై పైచిలుకు. తిప్పి చూశాను, ఎత్తి చూశాను, చెవి పెట్టి విన్నాను. చైను సాగింది, టైర్లు బోడిగుండులా ఉన్నాయి, సీటు చిరిగింది. ఫ్రేము మాత్రం ఇనపగుండు. ఏడో ఎనిమిదో వేలకు తెగింది. తలకు పెట్టుకునే గట్టి టోపీ కూడా ఊరికే ఇచ్చాడు.

వచ్చేస్తూంటే యుగంధర్ చక్రం మధ్య ఉన్న పళ్ళెం లాంటిది చూపించాడు. బ్రేకు రిమ్ము మీద కాదు, ఆ పళ్ళెం మీద పడుతుందన్నాడు.

"ఈ డిస్కుకి మాత్రం నూనె తగలకూడదు తాతగారూ. చేత్తో కూడా ముట్టుకోకండి. ఒక్క చుక్క చాలు, బ్రేకు పట్టదు."

నాకు చురుక్కుమంది. వీడి పాలపళ్ళు ఊడక ముందు నుంచీ నేను సైకిళ్ళు విప్పుతున్నాను. "ఇనుము నూనె తాగాలి బాబూ, మనిషి నీళ్ళు తాగినట్టు. తాగకపోతే తుప్పడతాది," అన్నాను. ఆ కుర్రాడు హేమ వైపు చూశాడు. హేమ అప్పటికే సీటెక్కి ఉంది.

ధనరాజు ఇంటికి వచ్చి ఆ సైకిల్‌ని చూసి చెప్పులు విప్పకుండా నిలబడిపోయాడు. ఇద్దరు పిల్లల తల్లి, కోట సెంటర్లో నలుగురికీ తెలిసిన కొట్టు, ఊళ్ళో ఏమనుకుంటారని అడిగాడు. ఊరు అనుకోవడానికి ఏదో ఒకటి కావాలి గదరా, వాళ్ళకి మాత్రం పనేముంది అన్నాను. నన్ను వదిలేసి పెళ్ళాంతో మాట్లాడాడు.

"తొక్కుకో. ఒక్కసారి పడ్డావంటే మాత్రం, ఆ దినంతో సైకిలూ నేదు, తిరుగుడూ నేదు. మళ్ళీ నన్ను అడక్కు."

"పడను," అంది హేమ.

ఆ తర్వాతి నెల నా బతుకులో బాగా గడిచిన నెలల్లో ఒకటి. సైకిల్‌ని షాపులో తలకిందులుగా నిలబెట్టి ఒక్కొక్కటే మార్చుకుంటూ వచ్చాం. ముందు చైను. తర్వాత టైర్లు, మొక్కజొన్న కండెలా గుబ్బలు తేలినవి, విజయనగరం నుంచి తెప్పించాం. అరిగిన పెడళ్ళు తీసేసి, కాలు జారకుండా చిన్న చిన్న మేకులున్న వెడల్పు పెడళ్ళు వేశాం. సీటు మీది చిరుగును హేమే మందపాటి గుడ్డతో కుట్టేసింది. బ్రేకు వైర్లు కొత్తవి లాగాను. సాయంత్రం కుట్టుపని ఆపి నా పక్కన కూచుని స్పానర్లు అందించేది. వారం తిరిగేసరికి ట్యూబు తనే మార్చడం నేర్చింది. గేరు మారిస్తే చైను అంత చిన్న పళ్ళచక్రం మీదికి దిగడమెందుకు, కాళ్ళు గిర్రున తిరుగుతాయే గాని మనిషి ముందుకు పోదని వెక్కిరించాను. మెట్ట ఎక్కేటప్పుడు తెలుస్తాది మావయ్యా, నీ ఎలుగుబంటికి ఆ గేరు ఉంటే అదే తొక్కేది అంది.

మా ఊరికి పడమట ఎర్రమెట్ట ఉంది. జీడితోటల్లోంచి మేకలు నడిచే దారి మెట్టెక్కి, అవతల నీలగిరి చెట్ల మధ్య నుంచి వాగులోకి దిగుతుంది, దాన్ని మేం గెడ్డంటాం. ఓ అయిదారు కిలోమీటర్ల చుట్టు. ఆదివారం తెల్లారగానే హేమ ఆ దారి పట్టేది. పందెం లేదు, పరుగు లేదు. పోయి, గెడ్డలో కాళ్ళు కడుక్కుని, ఎండ ముదరక ముందే వచ్చేసేది. మొహం నిండా ఎర్రదుమ్ము. కూచుని ఏం చూసిందో చెప్పేది. గెడ్డలో ఏదో తెల్లపిట్ట నిలబడిందట. ఎక్కడో ఎవరిదో పాత బావి, అందులో తాబేలట. ఎన్ని తాబేళ్ళు అని అడిగితే ఏమో మావయ్యా, లెక్కెట్టనేదు అనేది. నా కథలన్నీ కలిపినా ఆ తాబేలుకు సరిపోవని నాకు తెలుసు గాని పైకి అనలేదు.

ఒక్కటే లోపం. దిగేటప్పుడు బ్రేకు కీచుమని అరుస్తోందట. మేకలు బెదిరి పారిపోతున్నాయని, మేకలు కాసే గంగరాజు గొణిగాడట. హేమ యుగంధర్‌కి ఫోన్ చేస్తే, స్పిరిట్‌తో తడిపిన గుడ్డ పెట్టి డిస్కు తుడవమన్నాడు. స్పిరిట్ ఆస్పత్రిలో వాడేది, సైకిల్‌కి సూది మందేస్తామా అన్నాను. దసరాలోగా ఆ అరుపు నేను మానిపిస్తానన్నాను.

దసరాకి మా పనివాళ్ళం ఎవరి పనిముట్లు వాళ్ళు కడిగి పూజ చేస్తాం. నా షాపులో అదొక పద్ధతి. స్పానర్లు, పంపు, సుత్తి, అన్నీ కడిగి ఆముదం రాస్తాను. పసుపు నీళ్ళతో కలిపితే ఎండి రాలిపోతుందని మా గురువు ఆముదంతోనే కలిపేవాడు, నేనూ అంతే. ఆ బొట్టు సంక్రాంతి దాకా ఊడదు. హేమ గారెలు వేయిస్తోంది. నేను ఎర్ర సైకిల్‌ని నీళ్ళతో కడిగి, హ్యాండిల్‌కి బంతిపూల దండ కట్టి, ఫ్రేముకి బొట్లు పెట్టాను. ఆ పళ్ళెం కంటపడింది. నిగనిగలాడుతూ విష్ణుచక్రంలా ఉంది. చక్రానికి బొట్టు పెట్టకుండా ఉంటామా. చుట్టూ పెట్టాను, ముందు దానికీ, వెనక దానికీ. అరుపు సంగతి గుర్తొచ్చింది. గుడ్డ ఆముదంలో ముంచి రెండు పళ్ళేలూ రుద్ది, వాటిని పట్టే బ్రేకు కట్టల సందులోకి కూడా కాస్త పోశాను.

ఆ కుర్రాడి మాట గుర్తు రాలేదని చెప్పను. వచ్చింది. రాబట్టే ఇంకాస్త పోశాను.

ఆదివారం తెల్లారి హేమ సైకిల్ బయటికి తీసి చూసి నవ్వింది.

"ఏటి మావయ్యా, పెళ్ళికూతుర్ని సేసినావు దీన్ని."

"నొక్కి సూడు. అరుస్తాదేమో."

రెండడుగులు నడిపించి మెల్లగా నొక్కింది. చప్పుడు లేదు. తలూపి ఎక్కి వెళ్ళిపోయింది. మా ఇంటి నుంచి మెట్ట దాకా దారంతా ఎగువే, బ్రేకుతో పనే రాదు. నేను బల్ల మీద కూచుని, పట్నం కుర్రాడి చదువును ఆముదంతో ఎలా ఓడించానో దారిన పోయేవాళ్ళకి చెప్పుకున్నాను.

ఎండ పొడుచుకొచ్చాక గంగరాజు పరిగెత్తుకొచ్చాడు. హేమ గెడ్డ దిగుడులో పడిపోయిందనీ, లేవలేకపోతోందనీ చెప్పాడు. ఆటోలో వేసి విజయనగరం తీసుకుపోయారు. మెడ కింద ఎముక విరిగింది, ఎడమ మోచేయి దగ్గర చర్మం లేచిపోయింది. టోపీ ఉండబట్టి తల దక్కింది. రెండు బ్రేకులూ పూర్తిగా నొక్కినా సైకిల్ ఆగలేదని, ఆగకపోగా ఇంకా జోరుగా పోయిందని అందట. గెడ్డలోని బండల మీద పడకూడదని చెట్టుకేసి తిప్పుకుందట.

సైకిల్ తెస్తానని నేనే గెడ్డకు పోయాను. ముందు చక్రం వంకర పోయి చెట్టు మొదట్లో పడి ఉంది, బంతిపూలు చెల్లాచెదురుగా. పళ్ళెం మీద వేలు పెట్టాను. జారింది. వాసన చూశాను.

గెడ్డ పక్కనే ఉంది. ఇసకతో రెండు పళ్ళేలూ తోమాను. పసుపు పోయింది, జిడ్డు పోయింది. మరకలేని గిన్నెలా మెరిసిన తర్వాత సైకిల్ భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాను. ఈ వయసులో అంత బరువు మోశావా అని ఊళ్ళో వాళ్ళు మెచ్చుకున్నారు.

హేమని ఇంటికి తెచ్చిన రోజు, వాకిట్లో మంచం మీద పడుకోబెట్టాక, ధనరాజు యుగంధర్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. పాడైన బ్రేకులు అంటగట్టి ఆడకూతురి ప్రాణం మీదికి తెచ్చావన్నాడు. ఇంకా చాలా అన్నాడు. ఆ కుర్రాడు అంతా విన్నాడు. తను అమ్మిన రోజున బ్రేకులు బాగున్నాయనీ, డిస్కుకి ఎవరైనా నూనె రాశారేమో కనుక్కోమనీ, పెద్దాయనకి మరీ మరీ చెప్పాననీ అన్నాడు.

వాకిట్లో ఉన్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. హేమ కూడా.

"నలభై మూడేళ్ళ రెండు నెలలుగా సైకిళ్ళు బాగుసేస్తన్నాను. నూనె ఎక్కడెయ్యాలో, ఎక్కడెయ్యకూడదో నాకు ఆడు సెప్పాలా. నేను ఎయ్యనేదు," అన్నాను.

అందరూ ఫోన్ వైపు తిరిగిపోయారు. ధనరాజు మళ్ళీ తిట్టడం మొదలుపెట్టాడు. హేమ ఒక్కర్తే నన్ను ఇంకా కాసేపు చూసింది. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది, విరిగిన వైపు నొక్కుకున్నా సరే.

సైకిల్ వాకిట్లో గోడకు ఆనించి వారం పైనే ఉంది. చక్రం వంకర తీయడం నాకు పూట పని. తీయలేదు. హేమ మంచం మీద నుంచి దాన్ని చూసేది, నన్ను చూసేది. ఏం కావాలమ్మా అంటే ఏం లేదనేది. నేను మంచినీళ్ళిచ్చి షాపులోకి పోయేవాణ్ణి. చెబుదామని రోజూ నోటిదాకా వచ్చేది. రోజూ షాపు ముందు ఎవరో ఒకరు ఉండేవారు, లేకపోతే నేనే పిలిచి కూచోబెట్టుకునేవాణ్ణి.

ఒక పూట పాత ఇనప సామాన్ల బండి మైకు పెట్టుకుని వచ్చింది. ధనరాజు ఆపాడు. అన్న మాట ప్రకారం సైకిల్ బయటికి పోవాలన్నాడు. హ్యాండిల్ బండిలో ఇమడలేదు. "నాన్నా, కాస్త విప్పి ఇయ్యి," అన్నాడు ధనరాజు. స్పానరు తెచ్చాను. నా చేత్తో బిగించిన బోల్టు నా చేత్తోనే వదులు చేశాను. పెడళ్ళు అయినా ఉంచుకుందామా అని అడిగాను. ధనరాజు వాటితో సహా ఎత్తి బండిలో వేశాడు.

కార్తీకం సగం పోయాక ధనరాజుకి చెప్పాను. ఆముదం సంగతి, ఇసకతో తోమిన సంగతి, అంతా. వాడు లుంగీ సర్దుకుంటూ విని నవ్వాడు.

"నీ కోడల్ని ఎనకేసుకొచ్చి మళ్ళీ సైకిలు కొనిపిద్దామనా? కతలు నా కాడ సెప్పకు నాన్నా. చిన్నప్పట్నుంచీ ఇంటన్నాను."

నిజంరా అన్నాను. ఎలుగుబంటి కూడా నిజమే కదా అని కొట్టుకు వెళ్ళిపోయాడు. వాడికి ఆ అబద్ధమే బాగుంది. ఇల్లు మునుపటిలా ఉంది, పెళ్ళాం ఇంట్లో ఉంది, తప్పు ఎక్కడో బదిలీ అయిపోయిన కుర్రాడిది.

హేమ దగ్గరికి వెళ్ళాను. కట్టు విప్పి రెండు మూడు రోజులైంది, మెషీను ముందు కూచుని పాదం ఆనించి చూసుకుంటోంది. గుమ్మంలో నిలబడి చెప్పాను. కథ చెప్పినట్టు రాలేదు. ఎంత ఆముదం పోశానో, ఎన్ని బొట్లు పెట్టానో ఏదీ గుర్తు లేదు. పోశాను, అంతే.

ఆమె సూదిలోకి దారం ఎక్కిస్తూ విన్నది.

"తెల్సు మావయ్యా. రెండు నెలలు అని కూడా లెక్కెట్టి సెప్పినావు కదా. అప్పుడే తెల్సింది."

"మరి అడగనేదేటమ్మా?"

"నువ్వే సెప్తావని సూసినాను. తొమ్మిది దినాలు సైకిలు వాకిట్లోనే ఉన్నాది."

ఆమె మెషీను మీద పాదం కదిపింది. చాన్నాళ్ళు తిరక్కపోవడం వల్ల మెషీను కిర్రుమంది. ఆమె బల్ల సొరుగులోంచి నూనె డబ్బా తీసి నా వైపు జరిపింది.

"దీనికి ఎయ్యొచ్చు," అంది.

వేశాను. ఆమె తొక్కడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం అన్నం దగ్గర, ఏదో ఒకటి మాట్లాడాలని ఎలుగుబంటి కథ ఎత్తాను. ఘాటీ మలుపుల దాకా వచ్చి ఆగాను, ఆమె కోసం. హేమ నా కంచంలో చారు పోసి, గిన్నె మీద మూత పెట్టి లోపలికి వెళ్ళింది. బరువెంతని అడగలేదు.